జర్మన్ క్రియల కార్డుల పెట్టె: ఇంగ్లీషు అర్థం మనకు ఎంతవరకు ఆసరా?

జర్మన్ క్రియలను, వాటితో ఏర్పడే నిత్యవ్యవహార ప్రయోగాలను ఒక వైపు, వాటి ఇంగ్లీషు అర్థాలను రెండో వైపు అచ్చువేసిన కార్డుల పెట్టెలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో తేలికగా దొరుకుతున్నాయి. ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో మా ఇంటి దగ్గర నర్సింగు పూర్తిచేసి జర్మన్ నేర్చుకుంటున్న మా మేనకోడలు అలాంటి పెట్టె ఒకటి తెప్పించుకున్నది. ఆమె, ఆమె స్నేహితురాళ్ళు కొన్ని నెలలుగా దానితోనే సాధన చేస్తున్నారు. వృత్తిరీత్యా ఇంగ్లీషు బోధిస్తూ, జర్మన్ కూడా కొంత చదువుకున్నవాడిని కనుక వారితో కలిసి కూర్చుని కార్డులన్నీ వరుసగా పరిశీలించే అవకాశం నాకు దొరికింది. ప్రచురించినవారి పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఇదే పద్ధతిలో తయారైన ఏ పెట్టె కొన్నవారికైనా ఈ మాటలు పనికిరావాలని నా ఉద్దేశం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పెట్టె కొనదగినదే. అయితే కార్డు వెనక ఉన్న ఇంగ్లీషు మాటనే జర్మన్ ప్రయోగానికి పూర్తి అర్థంగా తీసుకున్న తెలుగువారు, తమ భాషలో సిద్ధంగా ఉన్న దగ్గర దారిని వదిలి చుట్టుదారిన వెళతారు. కొన్ని చోట్ల ఆ చుట్టుదారి వారిని తప్పు ఊరికే చేరుస్తుంది.

ఈ పిల్లలకు జర్మన్ సరదా చదువు కాదు. నైపుణ్యం గల పనివారి వలసకు సంబంధించిన కొత్త చట్టం జర్మనీలో 2020 మార్చి 1న అమలులోకి వచ్చిన తరువాత ఇతర దేశాల నర్సులకు అక్కడి దారి కొంత సుగమమైంది. అయినా నర్సుగా గుర్తింపు పొందడానికి, ఎ1 నుంచి సి2 వరకు ఉండే భాషాస్థాయిలలో సాధారణంగా నాలుగవదైన బి2 కావాలి, అంతకు ముందు బి1 దాటాలి. జర్మన్ భాష నేర్పి పరీక్షలు జరిపే గోథె సంస్థ బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాలు ఉంటాయి. ఒక్కొక్క దానిలో నూటికి 60 మార్కులు రావాలి. అందువల్ల మాటల అర్థాలు బట్టీపట్టినంత మాత్రాన సరిపోదు, వాక్యం నోటికి రావాలి. కార్డుల పెట్టెను ఈ కొలతతోనే తూచాను.

పెట్టె తయారీ గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. కాగితం దళసరిగా ఉన్నది, అక్షరాలు కంటికి శ్రమ ఇవ్వవు, మూడు వందలకు పైగా ఉన్న కార్డులను స్థాయిని బట్టి మూడు రంగులుగా విభజించారు. మాకు వచ్చిన పెట్టెలో కొన్ని కార్డులు రెండేసి ఉండి, వాటికి బదులు మరికొన్ని లేవు. అమ్మినవారికి రాస్తే జవాబు రాలేదు. కొన్నవారు పెట్టె తెరిచిన రోజే కార్డులను వరుస సంఖ్య ప్రకారం సరిచూసుకోవడం మంచిది.

ఇక అసలు విషయానికి వస్తాను. అన్నిటికంటే ముందు ఎత్తిచూపవలసిన కార్డు 'మ్యూసెన్' అనే క్రియది. దాని వెనక ఇంగ్లీషులో 'మస్ట్' అని ఉన్నది, అది తప్పు కాదు. 'జీ మ్యూసెన్ ఔఫ్‌ష్టేయెన్' అంటే మీరు లేవాలి. చిక్కంతా వ్యతిరేకార్థంలో వస్తుంది. ఆ కార్డు చదివిన వారెవరైనా 'జీ మ్యూసెన్ నిష్ట్ ఔఫ్‌ష్టేయెన్' అన్న వాక్యాన్ని ఇంగ్లీషు 'మస్ట్ నాట్' ప్రకారం 'మీరు లేవకూడదు' అని అర్థం చేసుకుంటారు. జర్మన్‌లో దాని అర్థం అది కాదు. 'మీరు లేవనక్కర్లేదు' అని. లేవకూడదు అని నిషేధించడానికి జర్మన్‌వారు 'డ్యూర్ఫెన్' అనే వేరే క్రియను వాడతారు: 'జీ డ్యూర్ఫెన్ నిష్ట్ ఔఫ్‌ష్టేయెన్'. శస్త్రచికిత్స జరిగిన రోగి మంచం దిగకుండా చూడవలసిన నర్సుకు ఈ రెండు వాక్యాల మధ్య తేడా ఎంత ముఖ్యమైనదో వేరే చెప్పనవసరం లేదు. దిగకూడదని చెప్పదలచిన నర్సు నోట దిగనక్కర్లేదు అన్న మాట వస్తే, రోగి తన ఇష్టానుసారం దిగవచ్చు. ఆమె అన్న మాటకు అదే అర్థం.

తెలుగులో ఈ తేడా మనకు పుట్టుకతోనే తెలుసు. 'అక్కర్లేదు', 'కూడదు' అనే మాటలను మన పిల్లలు ఒకదాని బదులు ఒకటి పొరపాటున కూడా వాడరు. 'నిష్ట్ మ్యూసెన్' పక్కన 'అక్కర్లేదు' అనీ, 'నిష్ట్ డ్యూర్ఫెన్' పక్కన 'కూడదు' అనీ రాసుకుంటే పాఠం అక్కడితో పూర్తయినట్టే. ఇంత ముఖ్యమైన విషయానికి పెట్టెలో ఒక్క ఉదాహరణ వాక్యం కూడా లేకపోవడం పెద్ద లోపమని నేను గట్టిగా అనుకుంటున్నాను.

'జోలెన్' కార్డుదీ ఇదే పరిస్థితి. వెనక 'షుడ్' అని ఉన్నది. ఆసుపత్రిలో ఈ క్రియ ఎక్కువగా ఒకరి మాటను మరొకరికి అందించడానికి వస్తుంది. 'జీ జోలెన్ ఫీల్ ట్రింకెన్' అని నర్సు అన్నప్పుడు, నీళ్ళు బాగా తాగమని డాక్టరు గారు చెప్పారు అన్న ధ్వని అందులో ఉంటుంది. ఆ సలహా నర్సు సొంతది కాదని వినేవారికి తెలుస్తుంది. అదే క్రియకు ఇంకొక వాడుక కూడా ఉన్నది. 'ఎర్ జోల్ క్రాంక్ జైన్' అన్న వాక్యాన్ని 'షుడ్' పట్టుకుని చదివితే, అతను జబ్బుపడాలి అన్న వింత అర్థం వస్తుంది. నిజానికి దాని అర్థం 'అతనికి ఒంట్లో బాగాలేదట' అని. మన 'అట' చేసే పనిని, అంటే విన్నమాటను విన్నమాటగానే చెప్పి, దాని నిజానిజాల పూచీ మనమీద వేసుకోకుండా ఉండే పనిని, జర్మన్‌లో ఇక్కడ 'జోలెన్' చేస్తున్నది. ఇంగ్లీషులో ఇంత పొట్టి ఉపాయం లేదు. ఈ మాట చెప్పగానే మా మేనకోడలు, "మావయ్యా, అయితే దీన్ని 'అట కార్డు' అని రాసుకుంటాను" అన్నది. ఆమె పెట్టెలో ఆ కార్డుకు ఇప్పుడు అదే పేరు.

తరువాతి కోవ శరీరానికి, మనసుకు కలిగే అనుభవాలను చెప్పే ప్రయోగాలది. నర్సుకు రోజూ వినిపించే మాటలు ఇవే కనుక దీనిమీద కొంచెం నిలుస్తాను. జర్మన్‌లో చలిగా ఉన్నదని చెప్పడానికి 'మియర్ ఇస్ట్ కాల్ట్' అంటారు. 'మియర్' అంటే 'నాకు'. అంటే వాక్యం మన 'నాకు చలిగా ఉంది' అన్నదానికి మాటకు మాటగా సరిపోతుంది. కార్డు వెనక మాత్రం 'ఐ యామ్ కోల్డ్' అని ఉన్నది. ఆ ఇంగ్లీషును గుర్తుపెట్టుకుని తిరిగి జర్మన్‌లోకి మార్చేవారు 'ఇష్ బిన్ కాల్ట్' అంటారు. దానికి, నేను ఆప్యాయత లేని మనిషిని అన్న అర్థం వస్తుంది. వేడిగా ఉన్నదని చెప్పబోయి 'ఇష్ బిన్ హైస్' అంటే నలుగురిలో అనకూడని అర్థం ధ్వనిస్తుంది. వికారంగా ఉంది అనడానికి 'మియర్ ఇస్ట్ ష్లెష్ట్' లేదా 'మియర్ ఇస్ట్ యూబెల్', కళ్ళు తిరుగుతున్నాయి అనడానికి 'మియర్ ఇస్ట్ ష్విన్‌డెలిష్' అంటారు. అన్నిటిలోనూ 'నాకు' ఉన్నది, 'నేను' లేదు. 'ఇష్ బిన్ ష్లెష్ట్' అంటే నేను చెడ్డదాన్ని అని చెప్పుకున్నట్టు. నడుము నొప్పిగా ఉన్నదని చెప్పే రోగి 'మియర్ టూట్ డెర్ ర్యూకెన్ వే' అంటాడు. అదీ 'నాకు'తోనే మొదలవుతుంది.

మా ప్రాంతపు పిల్లలకు ఇంకొక సౌకర్యం ఉన్నది. వారు ఇంట్లో తెలుగు, వీధిలో, బడిలో ఒడియా మాట్లాడతారు. ఒడియాలో కూడా చలిగా ఉంటే 'మోతే థండా లాగుఛి' అంటారు, ఆకలైతే 'మోతే భోక లాగుఛి' అంటారు. అక్కడా 'నాకు' అన్న మాటే ముందు నిలుస్తుంది. తెలిసిన రెండు భాషలూ ఒకే వైపు చూపిస్తుండగా, వాటిని పక్కకు నెట్టి 'ఐ యామ్' ద్వారా జర్మన్‌లోకి వెళ్ళవలసిన అవసరం గంజాం జిల్లా విద్యార్థికి ఎందుకు? అయితే ఆకలి విషయంలో జర్మన్‌వారు మనతో కలవరు. అక్కడ 'ఇష్ హాబె హుంగర్' అంటారు, అంటే ఆకలిని కలిగి ఉన్నాను అని. దాహం, భయం కూడా అంతే. అందుచేత ఇది అన్ని చోట్లా పనిచేసే సూత్రం కాదు; ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకుని వాడుకోవలసిన ఆసరా.

ఇష్టాయిష్టాలను చెప్పే 'గెఫాలెన్' కార్డు ఈ కోవలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ. వెనక 'టు లైక్' అని ఉన్నది. ఇంగ్లీషులో ఇష్టపడే మనిషి కర్త. జర్మన్‌లో నచ్చిన వస్తువే కర్త. 'డీ వోనుంగ్ గెఫెల్ట్ మియర్' అంటే 'ఆ ఇల్లు నాకు నచ్చింది'. ఇళ్ళు ఒకటికంటే ఎక్కువైతే క్రియ కూడా బహువచనంలోకి మారుతుంది: 'డీ వోనుంగెన్ గెఫాలెన్ మియర్', 'ఆ ఇళ్ళు నాకు నచ్చాయి'. మన క్రియ 'నచ్చింది' నుంచి 'నచ్చాయి'కి ఎలా మారిందో వారి క్రియా అలాగే మారింది. ఇంగ్లీషు దారిన వచ్చేవారికి ఇది ఒక వ్యాకరణ పాఠం, తెలుగు దారిన వచ్చేవారికి అలవాటైన వాక్యం.

సాయపడడం అనే అర్థం గల 'హెల్ఫెన్' కూడా ఇటువంటిదే. ఇంగ్లీషులో 'ఐ హెల్ప్ యూ' అన్నప్పుడు ఆ 'యూ' ఏ విభక్తిలో ఉన్నదో పైకి కనబడదు. జర్మన్‌లో చతుర్థి కావాలి: 'ఇష్ హెల్ఫె ఈనెన్', 'మీకు సాయం చేస్తాను'. రక్తం తీసేటప్పుడు నర్సు చెప్పే 'ఇష్ నేమె ఈనెన్ బ్లూట్ ఆప్' అన్న మాటలోనూ 'ఈనెన్' అంటే 'మీకు'. ఇంగ్లీషువారు మీ రక్తం అన్నట్టు మాట్లాడతారు. మనమూ జర్మన్‌వారూ 'మీకు రక్తం తీస్తాను' అంటాము. కాని ఇక్కడా ఒక హెచ్చరిక అవసరం. ఫోన్ చేయడం అనే 'ఆన్‌రూఫెన్' క్రియకు జర్మన్‌లో ద్వితీయ వస్తుంది, మనం మాత్రం 'మీకు ఫోన్ చేస్తాను' అంటాము. నమ్మడం అనే 'గ్లౌబెన్' దీనికి తిరగబడినట్టు ఉంటుంది: మనం 'నిన్ను నమ్ముతున్నాను' అంటే వారు 'నీకు' అంటారు. కార్డు మీద క్రియ పక్కనే విభక్తి గుర్తు ఒకటి అచ్చువేసి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. పెట్టెలోని పెద్ద లోపాలలో ఇది రెండవది.

'జిష్' అన్న మాటతో కలిసి వచ్చే క్రియల దగ్గర కూడా తెలుగు దన్నుగా నిలుస్తుంది. 'వాషెన్' అంటే కడగడం, 'జిష్ వాషెన్' అంటే కడుక్కోవడం. 'ఆన్‌త్సీయెన్' అంటే తొడగడం, 'జిష్ ఆన్‌త్సీయెన్' అంటే తొడుక్కోవడం. 'జిష్ మెర్కెన్' అంటే గుర్తుపెట్టుకోవడం, 'జిష్ హిన్‌లేగెన్' అంటే పడుకోవడం. మన 'కొను' ఎక్కడ చేరుతుందో వారి 'జిష్' చాలాచోట్ల అక్కడే చేరుతుంది. ఇంగ్లీషు అర్థాలలో ఈ తేడా ఆనవాలు కూడా లేకుండా పోయింది. రెండు కార్డుల వెనకా ఒకే 'వాష్', ఒకే 'డ్రెస్' కనిపిస్తాయి. రోగి తన ఒళ్ళు తాను కడుక్కున్నాడా, నర్సు కడిగిందా అన్నది జర్మన్ ఆసుపత్రులలో, వృద్ధుల సంరక్షణ గృహాలలో రాసిపెట్టవలసిన సమాచారం. 'డెర్ పాట్సియెంట్ వెష్ట్ జిష్' అన్న వాక్యంలో చివరి మాట పోతే అతను ఇంకెవరినో కడుగుతున్నట్టు అవుతుంది.

ఇతరుల చేత చేయించుకోవడాన్ని చెప్పే 'లాసెన్' కార్డు వెనక 'టు లెట్' అని మాత్రమే ఉండడం నాకు నిరాశ కలిగించింది. 'జిష్ ఉంటర్‌జూఖెన్ లాసెన్' అంటే పరీక్ష చేయించుకోవడం. చేయు, చేయించు, చేయించుకొను అనే మూడు మెట్లు మన క్రియకే ఉన్నాయి. 'లాసెన్', 'జిష్' కలిసి సరిగ్గా ఆ మూడో మెట్టు దగ్గర నిలబడతాయి. 'లెట్' అన్న అర్థంతో వెళ్ళేవారు పరీక్షకు ఎవరో అనుమతి ఇస్తున్నారని అనుకుంటారు.

మర్యాద విషయంలోనూ ఇంగ్లీషు అర్థం మూగగా ఉండిపోయింది. 'యూ' అన్న ఒక్క మాట కింద జర్మన్ 'డూ', 'జీ' రెండూ కలిసిపోయాయి. మనకు 'నువ్వు', 'మీరు' ఉన్నాయి. 'జెట్స్ డిష్' అంటే 'కూర్చో', 'జెట్సెన్ జీ జిష్' అంటే 'కూర్చోండి'. పెద్దవారైన రోగులతో ఎప్పుడూ రెండవదే వాడాలి. పెట్టెలో ఉదాహరణలు ఇచ్చిన కొద్ది కార్డులలో ఎక్కువ భాగం 'డూ' రూపాలే ఉన్నాయి. స్నేహితులతో కబుర్లకు అవి చాలు, ఆసుపత్రి వార్డుకు చాలవు.

ఇంతవరకు చదివినవారు ఇంగ్లీషును పూర్తిగా పక్కన పెట్టమంటున్నానని అనుకోవద్దు. ఇంగ్లీషు, జర్మన్ ఒకే కుటుంబానికి చెందిన భాషలు. ఆ రక్తసంబంధం క్రియారూపాలలో స్పష్టంగా కనబడుతుంది. 'ట్రింకెన్, ట్రాంక్, గెట్రుంకెన్' అన్న జర్మన్ వరుస పక్కన 'డ్రింక్, డ్రాంక్, డ్రంక్' అన్న ఇంగ్లీషు వరుసను పెట్టి చూడండి. 'జింగెన్, జాంగ్, గెజుంగెన్' పక్కన 'సింగ్, శాంగ్, సంగ్' నిలబడుతుంది. 'బెగినెన్', 'ష్విమెన్' కూడా ఇదే బాటలో నడుస్తాయి. అచ్చు మారే ఈ పద్ధతిని నేర్పడానికి తెలుగు ఏమాత్రం సాయపడదు, ఇంగ్లీషు చాలా సాయపడుతుంది. ఈ క్రియలను పెట్టెలో ఒకే చోట చేర్చి మూడు రూపాలూ అచ్చువేయడం నిజంగా మెచ్చుకోదగిన పని. విడిపోయే ఉపసర్గలు గల క్రియల దగ్గర కూడా ఇంగ్లీషు అక్కరకు వస్తుంది. 'ఔఫ్‌ష్టేయెన్' వెనక 'స్టాండ్ అప్', 'ఔఫ్‌గేబెన్' వెనక 'గివ్ అప్' అని చూసినవారికి 'ఔఫ్', 'అప్' దగ్గరి బంధువులని వెంటనే తెలుస్తుంది. మనకు 'లేవడం', 'వదులుకోవడం' అన్న మాటలలో అలా విడదీసే ముక్కలు లేవు.

అయితే ఆ ముక్క వాక్యంలో ఎక్కడికి పోతుందో కార్డు చెప్పదు. 'ఇష్ రూఫె జీ మోర్గెన్ ఆన్' అన్నప్పుడు 'ఆన్' వాక్యం చివరికి వెళ్ళిపోయింది. అర్థం తెలియాలంటే చివరి దాకా వినాలి. క్రియ చివర వచ్చే భాష మాట్లాడే మనకు చివరి దాకా వినడం కొత్త కాదు. 'వైల్ ఇష్ ఫీబర్ హాబె' వంటి ఉపవాక్యంలో క్రియ మొత్తం చివరకు చేరి, 'నాకు జ్వరం ఉన్నందువల్ల' అన్న మన వరుసకు దగ్గరగా వస్తుంది. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు కూడా దీనిని తెలుగు వాక్యంతో జతచేసి చెప్పగానే అందుకున్నారు.

ఇంగ్లీషు దారి తప్పించే మాటల జంటలను పెట్టె బాగానే గుర్తించింది. 'బెకొమెన్' అంటే పొందడం అనీ, ఇంగ్లీషు 'బికమ్'తో దానికి అర్థంలో పొత్తు లేదనీ ఎర్ర గుర్తుతో హెచ్చరించారు. 'ఇష్ విల్' అంటే 'నాకు కావాలి' లేదా 'చేయాలనుకుంటున్నాను' అనీ, భవిష్యత్తు కాదనీ చెప్పారు. ఎరుకను తెలిపే 'విసెన్', 'కెనెన్' రెండింటికీ వెనక 'నో' అన్న ఒకే మాట ఉన్నా, సంగతులు తెలిసి ఉండడానికి మొదటిది, మనుషులతో, ఊళ్ళతో పరిచయానికి రెండవది అన్న వివరణ ఇచ్చారు. ఇక్కడ తెలుగు కూడా సాయపడదు, మనకూ రెండింటికీ 'తెలుసు' ఒక్కటే.

ఇంగ్లీషు, తెలుగు రెండూ చేతులెత్తేసే చోటు ఒకటి ఉన్నది. అది క్రియతో జతకట్టే చిన్నమాటల వ్యవహారం. ఎదురుచూడడం 'వార్టెన్ ఔఫ్', ఆలోచించడం 'డెంకెన్ ఆన్', బాధ్యత తీసుకుని చూసుకోవడం 'జిష్ క్యూమెర్న్ ఉమ్'. ఇవి ఎందుకలా ఉన్నాయని అడిగి లాభం లేదు. చిన్నమాట మారితే అర్థమే మారుతుంది: రాబోయేదాని కోసం సంబరపడుతూ ఎదురుచూడడానికి 'జిష్ ఫ్రోయెన్ ఔఫ్', ఉన్నదానికి, జరిగినదానికి సంతోషించడానికి 'జిష్ ఫ్రోయెన్ యూబర్'. పెట్టెలో 'వార్టెన్' ఒక కార్డు మీద ఒంటరిగా ఉన్నది, 'ఔఫ్' లేదు. 'వెయిట్' అన్న అర్థం నేర్చుకున్నవారు ఇంగ్లీషు 'ఫర్'కు బదులుగా 'ఫ్యూర్' చేర్చి 'వార్టెన్ ఫ్యూర్' అంటారు, అది తప్పు. క్రియను, దాని చిన్నమాటను, ఆ చిన్నమాట కోరే విభక్తిని ఎప్పుడూ ఒకే గుక్కలో నేర్చుకోవాలి. ఈ విషయంలో పెట్టెను ఎంత తప్పుపట్టినా ఎక్కువ కాదు, ఎందుకంటే బి1 రాత పరీక్షలో మార్కులు జారిపోయేది ఇటువంటి చోటే.

భూతకాలంలో సహాయక క్రియ సంగతీ అంతే. 'ఐ హావ్ గాన్' పట్టుకుని 'ఇష్ హాబె గెగాంగెన్' అనేవారు ఉంటారు. సరైనది 'ఇష్ బిన్ గెగాంగెన్'. కదలికను చెప్పే క్రియలకు 'జైన్' (దాని రూపాలే 'బిన్', 'ఇస్ట్') వస్తుందని పెట్టెలోని చిన్న పుస్తకం చెబుతుంది. ఏ కదలికా లేని 'బ్లైబెన్', అంటే ఉండిపోవడం, కూడా 'జైన్'తోనే వస్తుందని చెప్పదు. కార్డు మూలన 'ఇస్ట్' లేదా 'హాట్' అని రెండక్షరాలు వేసి ఉంటే సరిపోయేది.

నామవాచకం, క్రియ కలిసి ఒకే పనిని చెప్పే జంటలను మూడవ రంగు కార్డులలో ఇచ్చారు. పెట్టెలో అన్నిటికంటే మంచి భాగం ఇదే. ప్రశ్న వేయడానికి 'ఐనె ఫ్రాగె ష్టెలెన్', నిర్ణయం తీసుకోవడానికి 'ఐనె ఎంట్‌షైడుంగ్ ట్రెఫెన్', కబురు చెప్పడానికి 'బెషైట్ జాగెన్' అంటారు. మనం ప్రశ్నను 'వేస్తాము', నిర్ణయాన్ని 'తీసుకుంటాము', కబురు 'చెబుతాము'. వేరే క్రియ పెడితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. జర్మన్‌లోనూ ప్రతి నామవాచకానికి తనదైన క్రియ ఉన్నది, దానిని మార్చకూడదు. 'జాగెన్ జీ మియర్ బిటె బెషైట్' అన్న వాక్యం వార్డులో రోజంతా వినిపించేదే. 'లెట్ మీ నో' అన్న ఇంగ్లీషు అర్థం తప్పు కాదు గాని, 'నాకు కబురు చెప్పండి' అన్నది దాని రూపానికి కూడా సరిపోతుంది.

ప్రతి కార్డు మీదా ఉన్న చదరపు గుర్తును ఫోన్‌తో చూస్తే ఉచ్చారణ వినిపిస్తుంది. గొంతు స్పష్టంగా ఉన్నది, వేగం తగినట్టుగా ఉన్నది. అయితే మూలరూపం మాత్రమే చదివారు, వాక్యం చదవలేదు. ఊనిక మారితే అర్థం మారే క్రియలకు ఇది చాలా లోటు. 'ఉమ్‌ఫారెన్'లో మొదటి అక్షరాన్ని ఊనితే బండితో గుద్ది పడగొట్టడం, 'ఫా' దగ్గర ఊనితే తప్పించుకుని చుట్టూ వెళ్ళడం. రెండూ ఒకే అక్షరక్రమం. పెట్టెలో ఒకటే వినిపిస్తుంది.

మా ఇంట్లో పిల్లలు ఈ పెట్టెను బాగుచేసుకున్న పద్ధతి చెబుతాను. ఇంగ్లీషు అర్థం కింద మిగిలిన ఖాళీలో ప్రతి కార్డుకు ఒక పూర్తి జర్మన్ వాక్యం, దాని పక్కన తమ ఇంటి తెలుగులో అదే వాక్యం రాసుకున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి గంజాం ఇటు వచ్చిన నాటి నుంచి ఇక్కడి తెలుగు కుటుంబాలలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివిన తరాలు ఉన్నాయి. తెలుగు లిపి రాని పిల్లలు ఆ తెలుగు వాక్యాన్ని ఒడియా లిపిలో రాసుకున్నారు. దానివల్ల పోయేదేమీ లేదు. లిపి ఏదైనా వాక్యం మనది కావాలి. దక్షిణ ఒడిశా కొండలకు జర్మన్ భాష మొదటిసారి వచ్చినదీ ఇప్పుడు కాదు. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి లూథరన్ మిషనరీలు కోరాపుట్, జయపురం వైపు 1882 నుంచే వచ్చారు. అప్పుడు వారు మన భాషల ముందు విద్యార్థులుగా కూర్చున్నారు, ఇప్పుడు మన పిల్లలు వారి భాష ముందు కూర్చుంటున్నారు.

ధర విషయానికి వస్తే, ఒక మంచి నిఘంటువుకు పెట్టే డబ్బు ఈ పెట్టెకు పెట్టాలి. గోథె సంస్థ బి1 స్థాయికి కావలసిన సుమారు 2400 మాటల జాబితాను ఉదాహరణ వాక్యాలతో సహా ఉచితంగా ఇస్తున్నది, జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెలె ఉచిత పాఠాలు కూడా ఉన్నాయి. క్రమశిక్షణతో సొంతంగా కార్డులు రాసుకోగలిగినవారికి ఆ జాబితా, ఒక కట్ట అట్టముక్కలు చాలు. రాసుకోవడంలోనే సగం చదువు పూర్తవుతుంది. డ్యూటీలు చేస్తూ చదువుకునేవారికి, ఆ తీరిక లేనివారికి పెట్టె సౌకర్యమే. ఎ1, ఎ2 దశలలో ఉన్నవారు తెప్పించుకోవచ్చు. బి2కు చేరినవారికి మూడవ రంగు కార్డులు తప్ప మిగిలినవి అంతగా ఉపయోగపడవు. వారు ఆసుపత్రి సంభాషణల మీద ప్రత్యేకంగా తయారైన పాఠ్యపుస్తకం చూసుకోవడం మేలు.

బరంపురం హౌరా, చెన్నై ప్రధాన రైలుమార్గం మీద ఉన్నది కనుక పరీక్ష రాయడానికి కోల్‌కతాకు గాని చెన్నైకి గాని వెళ్ళడం మా పిల్లలకు వీలుగా ఉంటుంది. గోథె సంస్థ రెండు చోట్లా ఉన్నది. మాట్లాడే పరీక్ష ఇద్దరు అభ్యర్థులను జతగా కూర్చోబెట్టి జరుపుతారు. కలిసి ఒక పనిని ఏర్పాటు చేసుకోవడం, ఒక విషయాన్ని వివరించడం, ఎదుటివారు చెప్పినదానిమీద ప్రశ్న వేయడం అందులో భాగాలు. అందుకని కార్డులను ఒంటరిగా తిరగేయకుండా ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు తెలుగు వాక్యం చెబితే రెండవవారు జర్మన్ వాక్యం చెప్పేటట్టు వాడుకోవాలి. ఇంగ్లీషు వైపును మాట గుర్తురానప్పుడు తిప్పి చూసుకోవడానికి మాత్రమే ఉంచుకోవాలి.